తాబోలో ఉడకని అన్నం

ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ఈ వాక్యాన్ని హైస్కూలు పిల్లలకు ఏటా బోర్డు మీద రాసి, కింద గీత గీసి, పరీక్షలో వస్తుందని బెదిరించి మరీ నేర్పినవాణ్ణి నేను. దీన్ని నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం నా జీవితంలో నిజంగా ఒక్కసారే వచ్చింది. అప్పుడు చెప్పలేదు. తెలిసే చెప్పలేదు.

పైగా ఆ ప్రయాణం గురించి మా ఉపాధ్యాయ సంఘం పత్రికలో నాలుగు పేజీల వ్యాసం రాశాను. సట్లెజ్ లోయ, మంచు శిఖరాలు, వెయ్యేళ్ల నాటి మట్టి ఆరామం, అన్నీ వర్ణించాను. చివర్లో ఇలా రాశాను: "వంటమనిషి నిర్వాకం వల్ల మూడు రోజులు భోజనానికి ఇబ్బంది పడినా, ఆ హిమశిఖరాలను చూశాక అన్నీ మరచిపోయాం." చాలామంది మెచ్చుకున్నారు. శైలి బాగుందన్నారు. ఆ వాక్యం పచ్చి అబద్ధం. ఆ అబద్ధం అచ్చులో ఉన్నంత కాలం నిజం కూడా అచ్చులో ఉండాలి కాబట్టి ఇది రాస్తున్నాను.

అమరావతిలో బౌద్ధుల పెద్ద ఉత్సవం జరిగిన ఏడాది అది. ఎర్రటి వస్త్రాలు కట్టుకున్న లామాలు గుంటూరు బస్టాండులో అరటిపళ్లు కొనుక్కుంటూ కనిపించేవాళ్లు. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ, నవ్వుతూ తిరిగేవాళ్లు. వాళ్లను చూశాక మా పొన్నూరు వాళ్లకు ఓ ఉత్సాహం పుట్టింది. "వాళ్లు మన ఊరికొచ్చారు, మనం వాళ్ల ఊరికి పోలేమా?" అన్నాడు మా వీధిలో ఉండే మిల్లాయన. బియ్యం మిల్లు ఆయనది. మాట పెద్దది, చెయ్యి కూడా పెద్దదే. ఇరవై రెండు మందిమి తేలాం. టీచర్లు, వాళ్ల భార్యలు, ఇద్దరు ముగ్గురు మిరప రైతులు, మిల్లాయన కుటుంబం. కొండల గురించి నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణని నన్ను పెద్దను చేశారు. సిమ్లా నుంచి హిమాచల్ కొండల్లో మారుమూలనున్న కాజా దాకా వెళ్లే ఎత్తైన దారిని ఎంచింది నేనే.

మనవాళ్లు ఎక్కడికి వెళ్లినా అన్నం వెంట తీసుకువెళతారు. రొట్టె రెండు పూటలు తింటే మూడో పూట జ్వరమొచ్చినట్టు ముఖం పెడతారు. కాబట్టి వంటమనిషి కావాలి. మా బడి హాస్టల్లో వండే ఆయన్ని నేనే ఒప్పించాను. ఆయనది కనిగిరి దగ్గర ఓ మెట్ట పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. పెళ్లిళ్ల రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయన చెయ్యే. ఎసరు ఎంత పెట్టాలో ఏనాడూ కొలిచి ఎరగడు. ఉడుకుతున్న గుండిగలోంచి ఒక మెతుకు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి, "ఇంక దించండి" అనేవాడు. ఆ మాటకు తిరుగులేదు. ఆయన క్రైస్తవుడు. పొయ్యి వెలిగించే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. ఆ సంగతి బస్సులో అందరికీ తెలుసు. అన్నం బాగున్నన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు.

మిల్లాయన తన మిల్లులో ఆడించిన పాత బీపీటీ సన్నబియ్యం రెండు మూటలు ఇచ్చాడు. "ఈ అన్నం తిన్నాక హిమాలయాలు కూడా చిన్నగా కనపడతయ్యి చూడండి సారూ" అన్నాడు. ఆ మూటలు ఆయన పరువు. ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

తప్పు మొదలైంది సిమ్లాలో. అక్కడ మేం మాట్లాడుకున్న చిన్న బస్సు డ్రైవరు పైన కట్టిన సామాను చూసి తల అడ్డంగా ఊపాడు. ముందున్న దారికి అంత బరువు కుదరదన్నాడు. ఏదో ఒకటి దించాలి. పైన రెండు పెద్ద కుక్కర్లున్నాయి. ఒక్కోటీ ఒక మనిషి ఎత్తలేనంతవి, హాస్టల్లో పప్పు ఉడికించేవి. వాటి పక్కన ఒక చెక్కపెట్టెలో నా టెలిస్కోపు ఉంది. బడి టెలిస్కోపే, హెడ్మాస్టరును బతిమాలి తెచ్చాను. శిఖరాలను దగ్గరగా చూపించి వాటి పేర్లు చెప్పి అందరినీ ఆశ్చర్యపరచాలని నా ఉబలాటం.

"కుక్కర్లు దించుదాం" అన్నాను.

వంటాయన కుక్కర్ల వైపు చూశాడు. "పప్పుకి కావాలేమో సార్. కొండల మీద చలి కదా, ఉడకటానికి బద్ధకిస్తదేమో."

"గుండిగలున్నాయిగా. ఇంకో అరగంట మంట పెట్టు, ఉడకదా ఏంటి?"

"మీరు చెప్పినాక ఇంకేముంది సార్" అని తాళ్లు విప్పాడు. కుక్కర్లు హోటలు వాళ్ల గదిలో ఉండిపోయాయి. ఒట్టేసి చెబుతున్నాను, ఆ క్షణంలో నేను పాఠం చెప్పే వాక్యం నాకు గుర్తు రాలేదు. అది మతిమరుపు. దానికి నన్ను తిట్టేవాళ్లుంటే తిట్టనీ. తరవాత చేసింది మతిమరుపు కాదు.

తరవాతి మజిలీ కల్పాలో నా టెలిస్కోపుకు పండగైంది. ఎదురుగా కిన్నర్ కైలాస పర్వతం, పొద్దున్నే ఎండ పడి మంచు బంగారంలా ఉంది. ఒక్కొక్కరూ వరసలో నిలబడి కన్నుపెట్టి చూశారు. "సారూ, చెయ్యిపెడితే అందేట్టుంది!" అని మిల్లాయన భార్య చిన్నపిల్లలా అరిచింది. నేను పేర్లు చెప్పాను, ఎత్తులు చెప్పాను. ఎత్తులు, చూశారా! ఇన్ని వేల అడుగులు, అన్ని వేల అడుగులు అని చెబుతూనే ఉన్నాను. ఆ పూట అన్నం కాస్త బిరుసుగా ఉందని ఎవరో అన్నారు. చలికి ఆరిపోయి ఉంటుందన్నారు.

మర్నాడు నాకో అనే ఊరు చేరాం. దారి గురించి వ్యాసంలో రాసింది అబద్ధం కాదు. కింద ఎక్కడో బురదరంగులో నది, పైన చెట్టూ గడ్డీ లేని కొండలు, వంపు తిరిగితే బస్సు చక్రం గాలిలో ఉన్నట్టుంది. ఊళ్లో చిన్న చెరువు, రాళ్ల మీద చెక్కిన బౌద్ధ మంత్రాలు, గాలికి చిరిగిన రంగుల జెండాలు. అక్కడ మా గుండిగలో ఎసరు తెర్లుతోంది. పొగలు కక్కుతోంది. బియ్యం మాత్రం లోపల పలుకు పలుకుగానే ఉంది. కందిపప్పు గులకరాళ్లలా గరిటెకు తగులుతోంది.

వంటాయన నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, నీళ్లు మరుగుతానే ఉన్నయ్యి. గంటైంది. మెతుకు నొక్కితే మధ్యలో రాయిలా తగులుతోంది. నా చేతికేమన్నా అయిందంటారా?"

అప్పుడు గుర్తొచ్చింది, ఇంత ఎత్తున నీళ్లు మరిగినా బియ్యం ఉడికే వేడి రాదని, ఆవిరిని బిగబట్టే కుక్కరైతేనే వస్తుందని. పుస్తకంలో పేజీతో సహా. ఆ వెంటనే హోటలు గదిలో వదిలేసిన కుక్కర్లు గుర్తొచ్చాయి. వాటి బదులు పైన కట్టిన చెక్కపెట్టె గుర్తొచ్చింది. చెబితే తక్కినవాళ్లంతా ఏమంటారో వినిపించింది. సైన్సు మాస్టారూ, మీకు తెలీదా అంటారు. నిన్న శిఖరాల ఎత్తులు చెప్పి కొట్టించుకున్న చప్పట్లన్నీ ఒక్క నవ్వులో కొట్టుకుపోతాయి.

"ఏమో, చూద్దాంలే. కొంచెం ఎక్కువసేపు ఉంచు" అన్నాను.

ఒక మనిషి తన చేతిని తానే అనుమానిస్తూ నా ముందు నిలబడితే నేను అన్న మాట అది.

ఆ రాత్రికి సగం ఉడికిన అన్నమే తిన్నారు, కడుపునొప్పులొచ్చాయి. తాబో చేరేసరికి కోపాలు పైకొచ్చాయి. తాబో ఆరామం మట్టిగోడలది. బయట నుంచి చూస్తే పెద్ద పుట్టల్లా ఉంటుంది. లోపల చీకటి, గోడల మీద వెయ్యేళ్ల నాటి బొమ్మలు, మసక వెలుతురులో బుద్ధుడి ముఖం. లోపల లామాలు మంత్రాలు చదువుతున్నారు. బయట గోడవారగా మేం పరదా పరిచి పళ్లేలు పెట్టుకున్నాం. అన్నం మళ్లీ పలుకే.

మిల్లాయన మెతుకు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. "ఇది నా బియ్యం కాదు."

"అదేందయ్యా, మూట మీద మీ మిల్లు ముద్రే కదండీ" అన్నాడు వంటాయన.

"ముద్ర మూటదిరా. లోపలేం పోశావు? నా బియ్యం నాకు తెలీదా? ముప్పై ఏళ్లుగా బియ్యంలోనే బతుకుతున్నా. నా బియ్యం ఉడక్కపోవటమేంది? వచ్చే దారిలో రాంపూర్ సంతకాడ ఆగాం చూడు, అక్కడ మార్చావు. మంచివి అమ్మేసి ఈ ముతక బియ్యం పోశావు."

"దేవుడి తోడు, నేను మూట వదిలి ఎటూ పోలేదు."

"ఏ దేవుడు? మీ దేవుడా?" అన్నాడు ఒక మాస్టారు. రెండు రోజుల క్రితం దాకా ఆయన పప్పుచారు మారుపెట్టించుకున్న మనిషి. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే మాట అది. సొంత బడిలో సోదరభావం గురించి వ్యాసరచన పోటీలు పెట్టించేవాడు.

వంటాయన లేచి వెళ్లిపోయాడు. పారిపోయాడన్నారు. కాసేపటికి ఆరామం వంటిల్లు వైపు నుంచి వచ్చాడు. ముఖం తేటపడింది. "సార్" అని నేరుగా నా దగ్గరకు వచ్చాడు. "లామాల వంటింట్లో చూసొచ్చాను. వాళ్ల కాడ ఉత్త ఎసరు పెట్టి వండరంట. ఇంతింత కుక్కర్లు. ఊళ్లో ఏ ఇంటి ముందుకు పోయినా కుక్కరు కూతే వినపడుతోంది. ఇక్కడ ఉత్త గుండిగలో ఉడకదంట సార్. సైగలు చేసి చెప్పారు. ఇందులో ఏదో ఉంది. మీకు తెలిసుంటది. మీరు చెప్తే వీళ్లు వింటారు."

నిజంగానే ఊరంతా కుక్కర్ల కూతలే. అందరం వింటూనే ఉన్నాం.

మిల్లాయన పకపకా నవ్వాడు. "కుక్కరు లేక ఉడకలేదంట! మా నాయనమ్మ ఏ కుక్కర్లో వండిందిరా? సారూ, మీరు చెప్పండి. మీరు సైన్సోరు కదా. అట్టాంటిదేమన్నా ఉందా?"

అందరూ నా వైపు చూశారు. వంటాయన కూడా చూశాడు. ఆయన కళ్లలో నిందేమీ లేదు. నమ్మకం ఉంది.

"ఏమో... ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది" అన్నాను.

ఆ మాటకు అర్థం లేదని నాకు తెలుసు. వాళ్లకు కావలసింది కూడా అర్థం లేని మాటే. వెంటనే ఆయన సంచి తెమ్మన్నారు. దుప్పటి విప్పి దులిపారు. రెండు జతల బట్టలు, ఒక బైబిలు, మనవరాలి కోసం కొన్న ఉన్ని టోపీ బయటపడ్డాయి. బియ్యం లేవు. దొరకలేదని ఎవరూ సిగ్గుపడలేదు. "అమ్మేశాక సంచిలో ఎందుకుంటయ్యి?" అన్నారు. లోపల లామాల మంత్రాలు ఆగలేదు. కరుణ గురించిన మంత్రాలంట. అవి విని తరించామని వ్యాసంలో రాశాను.

ఆ సాయంత్రం నుంచి ఆడవాళ్లు వండారు. వాళ్లు వండినా ఉడకలేదు. అప్పటికైనా ఎవరికైనా అనుమానం రావద్దా? "బియ్యమే మార్చాక ఎవరొండితే ఏం లాభం" అన్నారు. మనిషిని దొంగ అని ఒకసారి అనుకున్నాక, ఎదురుగా కనిపించే ప్రతిదీ దానికే సాక్ష్యమవుతుంది. ఇరవై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి, ప్రయోగం చేసి చూడాలి పిల్లలూ అన్నవాణ్ణి, ఆ తర్కాన్ని వింటూ పక్కన కూర్చుని మజ్జిగపొడి కలుపుకుని తాగాను.

కాజాలో ఆయన్ని ప్రభుత్వ బస్సు ఎక్కించి పంపేశారు. హిందీ రెండు ముక్కలు రాని మనిషి. రెండు బస్సులు, మూడు రైళ్లు మారాలి. బస్సు కదిలే ముందు కిటికీలోంచి నాతో అన్నాడు: "నేను మార్చలేదు సార్. మీకు తెలుసు." అది ప్రశ్న కాదు. నేను చెయ్యి ఊపాను. సాగనంపేటప్పుడు ఊపినట్టు.

మేం కాజా దగ్గరి కీ ఆరామానికి వెళ్లాం. కొండ మీద గూళ్లు గూళ్లుగా తెల్లటి కట్టడం, దాని వెనక మంచు. ఫోటోలు దిగాం. టెలిస్కోపు పెట్టాను. నాకేమీ కనిపించలేదు. అక్కడ దిగిన ఫోటో ఒకటి బాగా వచ్చింది, ఇప్పటికీ మా ఇంట్లో గోడకు ఉంది.

తిరుగు దారిలో రాంపూర్‌కు దిగాం. కిందికి వచ్చేశాం కదా, మిల్లాయన భార్య అదే మూట విప్పి, అదే బియ్యం కడిగి, అదే గుండిగలో పెట్టింది. అన్నం మల్లెపువ్వుల్లా విచ్చుకుంది. ఇప్పుడైనా, అనుకున్నాను. ఇప్పుడైనా ఎవరో ఒకరు అడుగుతారు, చెప్పేస్తాను అనుకున్నాను. మిల్లాయన ముద్ద కలుపుతూ అన్నాడు: "చూశారా, వాడు పోయాక అన్నం ఉడికింది." అందరూ నవ్వారు. తన బియ్యం మంచిదని తేలినందుకు ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ బియ్యం మంచిదైతే మారలేదనే కదా! ఒక్కరంటే ఒక్కరికి ఆ మాట తట్టలేదు. తట్టినవాడు నోట్లో ముద్ద పెట్టుకున్నాడు.

ఊరికి చేరేలోపే కథ చేరింది. బియ్యం మార్చిన వంటోడు. ఆ ఏడు మాఘమాసంలో ఆయన్ని ఒక్క పెళ్లికి కూడా పిలవలేదు. హాస్టల్లో బియ్యం గది తాళం ఆయన దగ్గర్నుంచి తీసుకుని ఇంకొకరికి ఇచ్చారు. ఆయన ఎవరితోనూ గొడవపడలేదు. వేసవిలో పని మానేసి వెళ్లిపోయాడు. నేను ఆ మధ్యలోనే వ్యాసం రాశాను.

మూడేళ్లు గడిచాయి. ఇల్లు కట్టుకుంటూ నేలకు గ్రానైటు రాయి చూద్దామని మార్టూరు వెళ్లాను. రాళ్లు పాలిష్ పట్టే షెడ్ల మధ్య తెల్లటి దుమ్ములో ఒక రేకుల పాక, పనివాళ్లు వరసలో నిలబడి అన్నం పెట్టించుకుంటున్నారు. వడ్డిస్తున్నది ఆయనే. జుట్టు పూర్తిగా నెరిసింది. దుమ్మువల్ల అనుకున్నాను ముందు.

"రండి సార్. భోంచేస్తారా?" అన్నాడు, నిన్ననే చూసినట్టు.

పాక వెనక్కి తీసుకెళ్లి చెప్పడం మొదలుపెట్టాను. నాకో ఊళ్లోనే నాకు తెలిసిందని, కుక్కర్లు దించమన్నది నేనే కాబట్టి భయపడ్డానని. ఆయన గరిటె చేతిలో పట్టుకునే విన్నాడు.

"నాకు తెలుసు సార్. తాబోలో మీ మొకం చూసినప్పుడే తెలిసింది."

"మరి అక్కడే ఎందుకు అనలేదు, మాస్టారే కుక్కర్లు దించమన్నాడని?"

"నేనంటే ఎవరు నమ్ముతారు? బియ్యం దొంగ సారు మీదకు తోశాడంటారు." "మా మనవరాలిని బళ్లో ఏడిపించారు సార్, మీ తాత బియ్యం దొంగ అని. ఇప్పుడు పాక వెనక నా చెవులో చెప్తే నాకేం ఒరిగింది? నేను మార్చలేదని నాకు ముందే తెలుసు. తెలియాల్సింది నాకు కాదు."

పనివాళ్లు పిలుస్తున్నారు. వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే మిల్లాయన మనవడి అన్నప్రాశన. ప్రయాణానికి వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఉన్నారు. పంక్తిలో ఎవరో మామూలుగానే ఆ జోకు వేశారు. "అన్నం ఉడికిందా, హిమాలయాల వంటోణ్ణి పిలిచారా?" నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను. చెప్పాను. కుక్కర్ల సంగతి, టెలిస్కోపు సంగతి, నీళ్లు మరిగే సంగతి, నాకు ఎప్పుడు తెలిసిందో, అడిగినప్పుడు ఏమని తప్పించుకున్నానో, పత్రికలో ఏం రాశానో.

మిల్లాయనే ముందు అందుకున్నాడు. "అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తవ్వుతారు సారూ? శుభమా అని పిల్లోడికి అన్నం పెట్టేకాడ!"

"రాంపూర్లో అదే మూట విప్పింది నేనే కదా" అంది ఆయన భార్య, వడ్డన గిన్నె పట్టుకుని. "నాకు ఆ రోజే అనిపించింది, పాపం అని."

"అనిపిస్తే అప్పుడేడవకపోయావా? పో లోపలికి!" అని కసిరాడు. తరవాత నా వైపు తిరిగి, "వాడి సంచి ఎతికింది మేమే అయితే ఏందంట? ఇప్పుడెళ్లి వాడి కాళ్ల మీద పడమంటారా?"

"పడకపోయినా ఫర్వాలేదు. నాతో వచ్చి మాట్లాడండి. ఆదివారం వెళుతున్నాను."

పది మంది వస్తామన్నారు. ఆ పది మందిలో సోదరభావం మాస్టారు కూడా ఉన్నాడు. ఆదివారం పొద్దున బస్టాండులో ఎనిమిదింటి దాకా నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఇరవై రెండు మందిమి కలిసి ఒక మనిషిని దొంగను చెయ్యగలిగాం. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మార్టూరు దాకా వచ్చే తీరిక ఒక్కరికీ లేకపోయింది. వాళ్ల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు. అందులో నా వాటా పెద్దదని తెలిసినా చల్లారలేదు.

ఆయన చర్చి నుంచి వచ్చేసరికి పాక ముందు ఉన్నాను. ఆదివారం కూడా పనున్న షెడ్ల వాళ్లు ముప్పై మంది దాకా పళ్లేలతో కూర్చుని ఉన్నారు. పక్కన ఆయన మనవరాలు నీళ్లు పోస్తోంది. ఈసారి పాక వెనక్కి వెళ్లలేదు. వాళ్లందరూ వినేట్టు గొంతు పెంచి చెప్పాను.

"ఈయన బియ్యం మార్చలేదు. మూడేళ్ల కిందట హిమాలయాల్లో అన్నం ఉడక్కపోవడానికి కారణం నేను. ఎందుకు ఉడకలేదో నాకు తెలిసి కూడా, నలుగురిలో నవ్వులపాలవుతానని, ఈయన్ని దొంగ అంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. పొన్నూరులో అందరి ముందూ ఈ మాట చెప్పి వచ్చాను. తప్పు చేశానండీ. క్షమించండి."